రైలుపెట్టె ఇంటి పాటగాడు

మెర్ల్ హ్యాగర్డ్ పేరు చెప్పగానే అమెరికన్ శ్రోతలకు ముందు జైలు గుర్తొస్తుంది. అతని గొప్పతనం మాత్రం గొంతులో ఉంది, చెవిలో ఉంది, మాటను ఎక్కడ ఆపాలో తెలిసిన నేర్పులో ఉంది.

1969లో మెర్ల్ హ్యాగర్డ్‌కు ముప్ఫై రెండేళ్లు. ఆ ఏడాది అతని చేతి మీదుగా వచ్చిన పాటలన్నీ ఒకచోట పెట్టి వింటే, ఇవన్నీ ఒక్క మనిషివేనా అన్న అనుమానం వస్తుంది. కూలీల శిబిరంలో బతుకీడ్చిన తల్లి కళ్లలోని ఆకలిని తలచుకునే ‘హంగ్రీ ఐస్’ ఆ ఏడాదిదే. రెక్కలు ముక్కలు చేసుకునేవాడు తలెత్తుకుని పాడుకునే ‘వర్కింగ్ మ్యాన్ బ్లూస్’ కూడా అప్పటిదే. కంట్రీ సంగీతానికి ఆదిపురుషుడనదగిన జిమ్మీ రోజర్స్ పాటల్ని భక్తిగా మళ్లీ పాడి, రెండు రికార్డుల ఆల్బమ్‌గా తెచ్చిందీ ఆ ఏడాదే. వియత్నాం యుద్ధం వద్దంటూ వీధికెక్కిన కుర్రకారును తప్పుపడుతున్నట్టు వినిపించే ‘ఓకీ ఫ్రమ్ మస్కోగీ’ ఆ శరదృతువులో దేశమంతా మోగింది. ఇంచుమించు అదే రోజుల్లో అతని చేతిలో ‘ఇర్మా జాక్సన్’ అనే పాట ఉంది. తెల్లజాతి కుర్రాడూ నల్లజాతి అమ్మాయీ ప్రేమించుకుంటే లోకం ఒప్పుకోని కథ అది. తర్వాతి రికార్డుగా అదే రావాలని అతను కోరాడు. కంపెనీ వద్దంది.

వీటిలో అసలు హ్యాగర్డ్ ఎవరని అమెరికాలో ఇప్పటికీ వాదులాడుకుంటారు. సంప్రదాయవాదులు ఒక పాట పట్టుకుని మావాడన్నారు. వాళ్లతో పడనివాళ్లు ఇంకో పాట చూపించి, కాదు మావాడే అన్నారు. నా మటుకు నాకు అన్నీ అతనే. ఎందుకంటే ఆ పాటల వెనక ఉన్న జనం ఒక్కరే. ఊరొదిలి, పొట్ట చేతబట్టుకుని వచ్చి, వచ్చినచోట ఛీ అనిపించుకున్న జనం వాళ్లు. వాళ్ల సిగ్గు, పౌరుషం, కోపం, మొండితనం, ప్రేమ ఏదీ వదలకుండా పాడాడు. వాళ్లను గొప్పవాళ్లుగా చూపించాలనీ తాపత్రయపడలేదు, జాలి పుట్టించాలనీ చూడలేదు. బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ పాటల పట్టికలో అతని పాటలు 38 సార్లు మొదటి స్థానానికి వెళ్లాయంటే, ఆ జనం ఎంతమంది ఉన్నారో ఊహించుకోవచ్చు.

కంట్రీ సంగీతం తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. బ్రిటన్, ఐర్లండ్‌ల నుంచి వచ్చి అపలాచియన్ కొండల్లో స్థిరపడ్డవాళ్ల కథాగేయాలు, ఫిడేలు వరసలు దీనికి ఒక వేరు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల బ్యాంజో, బ్లూస్ ఇంకో వేరు. 1927లో టెన్నెసీ, వర్జీనియా సరిహద్దు మీదున్న బ్రిస్టల్ పట్టణంలో రాల్ఫ్ పియర్ అనే రికార్డింగు నిపుణుడు చుట్టుపక్కల పాటగాళ్లను పిలిపించి పాడించాడు. జిమ్మీ రోజర్స్, కార్టర్ కుటుంబం ఆ రోజుల్లోనే వెలుగులోకి వచ్చారు. రైళ్లలో బ్రేక్‌మన్‌గా పనిచేసిన రోజర్స్ 1933లో క్షయతో పోయాడు. ఆ తర్వాత నాష్‌విల్ నగరం ఈ సంగీతానికి రాజధాని అయింది. హ్యాగర్డ్ ఆ రాజధానికి చాలా దూరంలో, కాలిఫోర్నియాలో పుట్టాడు. అతని సంగీతం అలా తయారవడానికి ఆ దూరం చాలావరకు కారణం.

ఆయిల్‌డేల్‌లో ఒక ఇల్లు

లాస్ ఏంజెలెస్ దగ్గరున్న తెలుగువాళ్లు హైవే పట్టుకుని ఉత్తరానికి వెళ్తే, కొండలు దిగగానే చదునైన లోయ వస్తుంది. ద్రాక్షతోటలు, బాదం తోటలు, చమురు తోడే యంత్రాలు. అక్కడ మొదట తగిలే పెద్ద ఊరు బేకర్స్‌ఫీల్డ్. దానికి ఆనుకుని, కెర్న్ నదికి అవతలి గట్టున, చమురు కార్మికుల పేట ఆయిల్‌డేల్ ఉంది.

హ్యాగర్డ్ తల్లిదండ్రులు జేమ్స్, ఫ్లాసీలది ఓక్లహోమా రాష్ట్రంలోని చెకోటా ప్రాంతం. 1930లలో అక్కడ కరవు, ధూళి తుఫాన్లు, ఆర్థికమాంద్యం ఒకేసారి విరుచుకుపడ్డాయి. 1934లో వాళ్ల కొట్టం కాలిపోయింది. మరుసటి ఏడాది కుటుంబం 66వ నంబరు రహదారి పట్టి కాలిఫోర్నియా చేరింది. అలా వచ్చినవాళ్లు లక్షల్లో ఉన్నారు. స్థానికులు వాళ్లందరినీ కలిపి ‘ఓకీ’ అని తిట్టేవాళ్లు. ఓక్లహోమావాడన్న అర్థం అందులో నామమాత్రం. మురికివాడు, చదువురానివాడు, మన కూలి తగ్గించడానికి వచ్చినవాడు అన్నదే దాని అసలు పోటు. ఈ వలసజనం కష్టాన్ని జాన్ స్టైన్‌బెక్ ‘గ్రేప్స్ ఆఫ్ రాత్’ నవలగా రాస్తే, 1939లో బేకర్స్‌ఫీల్డ్ ఉన్న కెర్న్ కౌంటీ పాలకులు ఆ పుస్తకాన్ని బళ్లలో, గ్రంథాలయాల్లో ఉంచకూడదని తీర్మానించారు.

జేమ్స్‌కు శాంటా ఫే రైల్వేలో వడ్రంగి పని దొరికింది. ఆయిల్‌డేల్‌లో ఒక స్థలంలో పాత రైలుపెట్టె పడి ఉంటే, దానికి కిటికీలు కోసి, గదులు కలిపి ఇల్లు చేశాడు. 1937 ఏప్రిల్ 6న మెర్ల్ పుట్టింది ఆ ఇంటి బిడ్డగానే. ఆ ఇల్లు 2015లో కెర్న్ కౌంటీ మ్యూజియం ఆవరణకు తరలింది. ఇప్పుడు టికెట్ కొనుక్కుని చూడొచ్చు.

తండ్రికి ఫిడేలు వచ్చు. తల్లికి చర్చి పట్టింపులెక్కువ, మందుదుకాణాల పాటలంటే పడదు. 1946లో తండ్రి మెదడులో రక్తస్రావమై పోయాడు. అప్పటికి మెర్ల్‌కు తొమ్మిదేళ్లు. కుటుంబం గడవడానికి తల్లి లెక్కలు రాసే ఉద్యోగానికి వెళ్లింది. పిల్లాడు అదుపు తప్పాడు. రైల్వే కుటుంబం కనుక పాసుతో దర్జాగా రైలెక్కగలిగి ఉండీ, పదీ పదకొండేళ్ల వయసులో గూడ్సుబండి మీదికి దూకి ఫ్రెస్నో దాకా వెళ్లాడు. పోలీసులు పట్టుకొచ్చి అప్పజెప్పారు. బడి ఎగ్గొట్టడం, చిల్లర దొంగతనాలు, బాలనేరస్థుల బడులు, అక్కడినుంచి పారిపోవడం, మళ్లీ దొరికిపోవడం. అతని బాల్యంలో మిగిలినదంతా ఇంచుమించు ఇదే.

పన్నెండేళ్లప్పుడు అన్న లోవెల్ ఒక పాత గిటార్ ఇచ్చాడు. దగ్గర కూర్చోబెట్టి నేర్పినవాళ్లు లేరు. రికార్డు పెట్టుకోవడం, వినడం, అచ్చం అలాగే పాడటం. బాబ్ విల్స్, హ్యాంక్ విలియమ్స్, అందరికన్నా ఎక్కువగా లెఫ్టీ ఫ్రిజెల్. పద్నాలుగు, పదిహేనేళ్లకు లెఫ్టీని ఎంత బాగా అనుకరించేవాడంటే, లెఫ్టీ బేకర్స్‌ఫీల్డ్‌కు కచేరీకి వచ్చినప్పుడు తెర వెనక ఈ కుర్రాడి పాట విని, వీడు పాడాకే నేను ఎక్కుతానని పట్టుబట్టాడు. లెఫ్టీ గిటార్‌తోనే ఆ రాత్రి రెయిన్‌బో గార్డెన్స్ వేదిక మీద పాడాడు.

ఆ ఊపులో గాయకుడైపోయి ఉండాల్సింది. కాలేదు.

కటకటాల వెనక

1957 చివర్లో, భార్యాబిడ్డలున్నా చేతిలో పనిలేక, తాగిన మైకంలో స్నేహితుడితో కలిసి ఒక హోటల్ వెనకతలుపు పగలగొట్టబోయాడు. అర్ధరాత్రి దాటిందనుకున్నారు. నిజానికి అప్పటికి రాత్రి పదే అయింది, హోటల్లో ఇంకా జనం తింటున్నారు. యజమాని తలుపు తీసి, ముందువైపు నుంచి రావొచ్చుగా అన్నాడట. ఆ తర్వాత స్థానిక జైలు నుంచి తప్పించుకుని మళ్లీ దొరకడంతో, 1958 మొదట్లో శాన్ క్వెంటిన్‌కు పంపారు. అప్పట్లో కాలిఫోర్నియాలో మరణశిక్షలు అమలు చేసిన జైలు అది. అతనికి ఇరవై ఒకటో ఏడు నిండింది అక్కడే.

ఈ జైలు కథను పత్రికలు, సినిమావాళ్లు, అభిమానులు లెక్కలేనన్నిసార్లు చెప్పుకున్నారు. నాకు ముఖ్యమనిపించినవి రెండే సంగతులు. మొదటిది ‘రాబిట్’ అని పిలిచే తోటిఖైదీ కథ. జైలు కార్ఖానాలో తయారవుతున్న బల్ల లోపల దాక్కుని పారిపోవాలని రాబిట్ పథకం వేశాడు. అందులో హ్యాగర్డ్‌కు కూడా చోటుంది. చివరికి హ్యాగర్డ్ ఆగిపోయాడు, రాబిట్ వెళ్లాడు. బయట ఒక పోలీసును కాల్చిచంపి, పట్టుబడి, మరణశిక్షకు తిరిగి ఆ జైలుకే వచ్చాడు. తాగి గొడవ చేసినందుకు హ్యాగర్డ్‌ను ఒంటరి కొట్లో వేసినప్పుడు, మరణశిక్ష పడ్డ ఖైదీల గొంతులు అతనికి దగ్గర్లోనే వినిపించేవి. బయటికి వచ్చాక తీరు మారింది. జైలు నేత మిల్లులో పనికి కుదిరాడు, చదువు మొదలుపెట్టాడు, ఖైదీల బ్యాండులో వాయించాడు.

రెండోది 1959 జనవరి 1. జానీ క్యాష్ ఆ రోజు జైల్లో పాడాడు. గొంతు బాగా పోయి ఉన్నా వేలమంది ఖైదీలను గుప్పెట్లో పెట్టుకున్నాడని హ్యాగర్డ్ తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. గొంతు బాగుంటే చాలదు, ఎదుటివాళ్లకు నువ్వు వాళ్ల పక్షమని తెలియాలి అన్న పాఠం అతను అక్కడ నేర్చుకున్నాడని నా నమ్మకం. జైలు పాటలకు పెద్ద పేరున్న క్యాష్ ఏనాడూ జైలుశిక్ష అనుభవించినవాడు కాదు. శిక్ష అనుభవించిన హ్యాగర్డ్ ఆ సంగతి ఏళ్ల తరబడి దాచిపెట్టాడు. బయటపడితే జనం వదిలేస్తారని భయం. 1969లో టెలివిజన్ కార్యక్రమంలో క్యాష్ ధైర్యం చెప్పి పదిమందిలో ఆ మాట బయటపెట్టించాడు. జనం ఇంకా దగ్గరయ్యారు. 1972లో అప్పటి కాలిఫోర్నియా గవర్నర్ రోనాల్డ్ రీగన్ పూర్తి క్షమాభిక్ష ఇచ్చాడు.

బేకర్స్‌ఫీల్డ్ మోత

1960లో పెరోల్ మీద బయటికొచ్చి అన్న దగ్గర కరెంటు పనుల కోసం కందకాలు తవ్వాడు. సాయంత్రాలు బార్లలో గిటార్ వాయించాడు. ఆ బార్ల గురించి కాస్త చెప్పాలి.

అప్పుడు నాష్‌విల్‌లో కంట్రీ సంగీతం మెత్తబడుతోంది. చెట్ అట్కిన్స్, ఓవెన్ బ్రాడ్లీ వంటి నిర్మాతలు వయొలిన్ల గుంపును, బృందగానాన్ని చేర్చి, పాటను పట్నవాసుల డ్రాయింగ్ రూములకు తగ్గట్టు నునుపు చేస్తున్నారు. అందులోనూ గొప్ప పాటలున్నాయి, కాదనను. బేకర్స్‌ఫీల్డ్‌లో మాత్రం పాట వినేవాళ్లు చమురుబావుల దగ్గరా పత్తిచేలలోనూ పగలంతా ఒళ్లొంచి, రాత్రి డబ్బులు పెట్టి నాట్యం చెయ్యడానికి వచ్చినవాళ్లు. ‘బ్లాక్‌బోర్డ్’ వంటి బార్లలో సీసాల చప్పుడు, కేకలు, కొట్లాటలు. వాటిని దాటి వినిపించాలంటే వాయిద్యం పదునుగా ఉండాలి, డ్రమ్ము ముందుకు రావాలి. కాలిఫోర్నియాలోనే లియో ఫెండర్ తయారుచేసిన టెలీకాస్టర్ అనే గట్టిచెక్క ఎలక్ట్రిక్ గిటార్ ఆ పనికి సరిగ్గా సరిపోయింది. దాని స్వరం తీగ తెగినట్టు ఖణేల్‌మంటుంది. దానికి జోడీ పెడల్ స్టీల్ గిటార్. వెల్లకిలా పెట్టిన తీగల మీద ఉక్కు కడ్డీ జార్చుతూ, కాళ్లతో పెడళ్లు నొక్కుతూ వాయిస్తారు. మన సంగీతంలో జారు అనే గమకానికి అలవాటుపడ్డ చెవికి ఈ వాయిద్యం వెంటనే చుట్టమైపోతుంది. ఈ పద్ధతిని బక్ ఓవెన్స్ అనే గాయకుడు దేశమంతా తెలిసేలా చేశాడు. హ్యాగర్డ్ దానికి లోతు తెచ్చాడు.

మొదట విన్ స్టూవర్ట్ బృందంలో బేస్ గిటార్ వాయించాడు. స్టూవర్ట్ రాసుకున్న ‘సింగ్ ఎ శాడ్ సాంగ్’ను అడిగి పుచ్చుకుని, లూయిస్ టాలీ, ఫజీ ఓవెన్‌లు నడిపే టాలీ అనే చిన్న కంపెనీకి పాడాడు. 1964లో అది పట్టికలో 19వ స్థానం దాకా వెళ్లింది. లిజ్ ఆండర్సన్ రాసిన ‘స్ట్రేంజర్స్’ పాట మొదటి పదిలోకి చేరింది. ఆ పాట పేరే అతని బృందం పేరైంది. క్యాపిటల్ రికార్డ్స్ నిర్మాత కెన్ నెల్సన్ పిలిచి ఒప్పందం చేసుకున్నాడు. కెన్ నెల్సన్‌ది పాటగాళ్ల పనిలో వేలుపెట్టే స్వభావం కాదు. ఆ కాలంలో ఒక నిర్మాత చెయ్యగలిగిన పెద్ద ఉపకారం అదేనేమో. మొదటి స్థానానికి చేరిన తొలిపాట, పరారీలో ఉన్నవాడి కథ, 1966 చివర్లో వచ్చింది. రాసినవాళ్లు లిజ్ ఆండర్సన్ దంపతులు. పాట ఇచ్చేనాటికి హ్యాగర్డ్ జైలుకెళ్లిన సంగతి వాళ్లకు తెలియదు.

గిటారిస్టు రాయ్ నికల్స్ గురించి చెప్పకుండా హ్యాగర్డ్ సంగీతం గురించి చెప్పలేం. నికల్స్ పదహారేళ్లకే మ్యాడాక్స్ బ్రదర్స్ అండ్ రోజ్ అనే పేరున్న బృందంలో వాయించాడు. అప్పటి నుంచే హ్యాగర్డ్‌కు అతనంటే ఆరాధన. నికల్స్ గిటార్ పాటగాడి మాట మీద ఎక్కదు. చరణంలో మాట ఆగిన చోట నాలుగు స్వరాలు పలికి తప్పుకుంటుంది. తీగను వంచి వదిలే తీరు, మొనతో గిల్లినట్టు వాయించే తీరు ఈనాటికీ కంట్రీ గిటారిస్టులకు పాఠమే. 1987 దాకా అతను హ్యాగర్డ్ పక్కనే ఉన్నాడు. స్టీల్ గిటార్ మీద నార్మ్ హామ్లెట్ అంతకన్నా ఎక్కువకాలం ఉన్నాడు. వేదిక మీద ముందే రాసుకున్న పాటల వరస ఉండేది కాదు. హ్యాగర్డ్‌కు ఏది తోస్తే అది మొదలుపెట్టేవాడు, వాళ్లు అందుకోవాలి. అందుకునేవాళ్లు.

గొంతులో ఏముంది

హ్యాగర్డ్ గొంతు మంద్రానికీ మధ్యమానికీ నడుమ తిరిగే నిండు గొంతు. దాన్ని ఎప్పుడూ పూర్తి బలంతో వాడడు. ఒక అచ్చు మీద నిలిచి, దాన్ని రెండు మూడు స్వరాలుగా సాగదీయడం లెఫ్టీ దగ్గర నేర్చుకున్నాడు. లెఫ్టీ ఆ సాగుడును పాటంతా చేస్తాడు. హ్యాగర్డ్ ఒకటి రెండుచోట్ల దాచి వాడతాడు, అందుకే అది తగులుతుంది. వాక్యం చివర కిందికి దిగి, మంద్రంలో మాటను దాదాపు మామూలు మాటలాగే వదిలేస్తాడు. తాళానికి రవ్వంత వెనక పడి పాడతాడు. ఏడుపు పాటల్లో అతని గొంతు ఏడవదు. ఏడుపు ఆపుకుంటున్న మనిషి గొంతు అది. శ్రోతకు పని అక్కడ మొదలవుతుంది.

అనుకరణలో అతను దిట్ట. మార్టీ రాబిన్స్, హ్యాంక్ స్నో, బక్ ఓవెన్స్, జానీ క్యాష్ గొంతుల్ని టెలివిజన్‌లో అచ్చు గుద్దినట్టు వినిపించి నవ్వించేవాడు. అంతమంది గొంతుల్ని తనలో పెట్టుకున్నవాడు తన గొంతు ఏదో తేల్చుకోవడం తేలిక కాదు. ఇంకొకరి గొంతులో పాడటం తెలిసినందువల్లే, ఏది పరాయిదో ఏది తనదో అతని చెవికి పట్టుబడిందని అనిపిస్తుంది.

రచనకు వస్తే, 1967లో వచ్చిన ‘సింగ్ మి బ్యాక్ హోమ్’ చూడండి. మరణశిక్షకు నడుస్తున్న ఖైదీ, చివరి కోరికగా తోటిఖైదీని పాట పాడమంటాడు. రాబిట్ జ్ఞాపకం దీని వెనక ఉందని హ్యాగర్డ్ చెప్పాడు. చనిపోయేవాడు చేసిన నేరమేమిటో పాటలో లేదు. న్యాయం, అన్యాయం అన్న వాదన లేదు. పాట అడిగినవాడు, పాట పాడేవాడు, మధ్యలో చిన్ననాటి ఇల్లు. ఇంకొకరైతే ఈ కథకు ఆరు చరణాలు రాసి, చివర నీతి చెప్పేవారు.

1968లో వచ్చిన ‘మామా ట్రైడ్’ రెండు నిమిషాల పైచిలుకే. గిటార్ మీటుతో దూకుడుగా మొదలై, ఆగకుండా పరిగెత్తుతుంది. విషయం తల్లికి చెప్పుకునే క్షమాపణ. ఇంతటి బరువైన మాటకు అంత చురుకైన నడక పెట్టడంలోనే కౌశలమంతా ఉంది. పాటలోని కొడుక్కి పెరోల్ లేని యావజ్జీవం పడింది. హ్యాగర్డ్ నిజంగా లోపల ఉన్నది మూడేళ్లకు తక్కువే. జైల్లో ఇరవై ఒకటో ఏడు నిండిన సంగతి తనదే, శిక్ష మాత్రం కల్పన. ‘హంగ్రీ ఐస్’ కూడా అంతే. వాళ్ల కుటుంబానికి రైలుపెట్టె ఇల్లుంది. శిబిరపు కాన్వాస్ గుడారం చుట్టూ ఉన్నవాళ్ల బతుకు. తన కథలో పదిమంది కథను కలిపి, పాటకు ఎంత కావాలో అంతే తీసుకోవడం అతనికి తెలుసు. 1969లో ఉడ్‌స్టాక్ ఉత్సవంలో గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం పాడిన పాటల్లో ‘మామా ట్రైడ్’ ఒకటి. హిప్పీల మహాసభలో హ్యాగర్డ్ పాట వినిపించిన కొద్దివారాలకే, హిప్పీలను దెప్పిపొడిచే హ్యాగర్డ్ పాట బయటికొచ్చింది.

మస్కోగీ పాట, దాని నీడ

బృందం బస్సు ఓక్లహోమాలో వెళ్తుండగా మస్కోగీ ఊరికి దూరం చూపే బోర్డు కనబడింది. బస్సులోని సరదా మాటల నుంచి హ్యాగర్డ్, డ్రమ్మర్ రాయ్ ఎడ్వర్డ్ బరిస్ కలిసి కాసేపట్లో ‘ఓకీ ఫ్రమ్ మస్కోగీ’ కట్టారు. మత్తుమందులు ముట్టని, జెండాకు దణ్ణం పెట్టే చిన్న ఊరి జనం గొంతుతో సాగే పాట. ఇది హాస్యమా, నిజంగా అన్నదా? ఆయా కాలాల్లో అడిగినవాళ్లకు హ్యాగర్డ్ వేర్వేరు జవాబులిచ్చాడు. పోయిన తండ్రి బతికుంటే ఏమనేవాడో అన్న ఆలోచన ఉందని ఒకసారి, అప్పటికి నాకు తెలిసింది అంతేనని ఇంకోసారి.

నేను దాన్ని పౌరుషం పాటగా వింటాను. ముప్ఫై ఏళ్లపాటు తిట్టుగా పడిన మాటను బిరుదుగా తగిలించుకుని వేదిక ఎక్కితే, ఆ తిట్టు తిన్నవాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అందులో ఇంకొకళ్ల మీద దురుసుతనం లేదని అనను. ఉంది. అవమానపడ్డవాళ్లకు కోపం వచ్చినప్పుడు అది ఎప్పుడూ సరైన మనిషి మీదికే పోదు. ఆ నిజం కూడా పాటలో ఉంది. దాని విజయం అతన్ని 1970లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ‘ఎంటర్‌టెయినర్ ఆఫ్ ది ఇయర్’ను చేసింది, 1973లో నిక్సన్ కాలపు శ్వేతసౌధం దాకా తీసుకెళ్లింది.

ఆ వేడిలోనే ‘ఇర్మా జాక్సన్’ను విడుదల చెయ్యమన్నాడు. వర్ణాంతర వివాహాలను నిషేధించే చట్టాలు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు చెప్పి అప్పటికి రెండేళ్లే అయింది. కెన్ నెల్సన్ కుదరదన్నాడు. బదులుగా ‘ద ఫైటిన్ సైడ్ ఆఫ్ మీ’ అనే మరింత దుడుకు దేశభక్తి పాట వచ్చింది. అది బాగా అమ్ముడైంది, హ్యాగర్డ్ మీద పడ్డ ముద్ర గట్టిపడింది. ‘ఇర్మా జాక్సన్’ 1972లో ఒక ఆల్బమ్‌లో పాటగా మాత్రమే వెలుగు చూసింది. అనుకున్న వరసలో వచ్చి ఉంటే అతని పేరు వేరేగా నిలిచేది. మనసులో ఉన్నది ఆ పాటేనని తర్వాతి జీవితం కూడా చెబుతోంది. 2003లో ఇరాక్ యుద్ధాన్ని విమర్శించినందుకు డిక్సీ చిక్స్ బృందం మీద కంట్రీ లోకం విరుచుకుపడితే, వాళ్ల పక్షాన మాట్లాడినవాళ్లలో మస్కోగీ పాట రాసిన ఈ ముసలాయన ఉన్నాడు.

పక్కన నిలబడ్డవాళ్లు

హ్యాగర్డ్ పాటల్లో పైస్వరంలో వినిపించే ఆడగొంతు బానీ ఓవెన్స్‌ది. బక్ ఓవెన్స్ మాజీ భార్య, తనకంటూ పేరున్న గాయని. 1965లో హ్యాగర్డ్‌ను పెళ్లాడాక ఆమె తన పాటను పక్కనపెట్టి అతని పాటకు జతయింది. ఊళ్లు తిరిగేటప్పుడు అతని నోటి వెంట వచ్చే పాటల్ని కాగితం మీద పట్టుకున్నది ఆమే. ‘టుడే ఐ స్టార్టెడ్ లవింగ్ యూ అగైన్’ పాటకు సగం హక్కు ఆమె పేర రాశాడు. 1968లో ఇంకో పాట రికార్డుకు వెనకవైపున వచ్చిన ఈ పాటను తర్వాత వందలమంది పాడారు. 1978లో విడాకులయ్యాక కూడా ఆమె అతని బృందంలో పాడింది, అతని తర్వాతి పెళ్లిలో పెళ్లికూతురి పక్కన నిలబడింది. ఆ పాటలకు ఆమె ఇచ్చింది సగం హక్కుతో తీరేది కాదు.

హక్కులు పంచడంలో హ్యాగర్డ్ చెయ్యి పెద్దదే. 1981లో స్టూడియోలో పని ముగుస్తుండగా, చిన్ననాటి స్నేహితుడూ బస్సు డ్రైవరూ అయిన డీన్ హాలోవే, ఈ మురికి నగరం విసుగెత్తిందని గొణిగాడు. హ్యాగర్డ్ అక్కడికక్కడే ‘బిగ్ సిటీ’ రాసి, పాడి, సగం హక్కు డ్రైవరుకు ఇచ్చాడు. అది మొదటి స్థానానికి వెళ్లింది. రాయ్ నికల్స్ తన సంసారం డిసెంబరు దాటేదాకా నిలబడితే చాలన్నట్టు మాట్లాడిన ఒక సందర్భం నుంచి ‘ఇఫ్ వి మేక్ ఇట్ త్రూ డిసెంబర్’ పుట్టింది. క్రిస్మస్ ముందు ఫ్యాక్టరీలో ఉద్యోగం పోయిన తండ్రి పాట అది. చమురు సంక్షోభంతో నిజంగానే కార్మికుల ఉద్యోగాలు ఊడుతున్న 1973 చివర్లో వచ్చింది. మరుసటి మే నెలలో ‘టైమ్’ పత్రిక ముఖచిత్రం మీద హ్యాగర్డ్ బొమ్మ వేసింది.

గురువుల బాకీ తీర్చడంలో అతనంత శ్రద్ధ చూపినవాళ్లు తక్కువ. పేరు శిఖరాన ఉన్న 1970లో, బాబ్ విల్స్‌కు నివాళిగా ఒక ఆల్బమ్ చెయ్యాలనుకుని, దానికోసం కొన్ని నెలల్లో ఫిడేలు నేర్చుకున్నాడు. విల్స్ పాత బృందం ‘టెక్సస్ ప్లేబాయ్స్’ సభ్యులను వెతికి రప్పించి తనతో వాయింపజేశాడు. జనం మరిచిపోతున్న వెస్టర్న్ స్వింగ్, అంటే ఫిడేళ్లతో జాజ్ నడక నడిచే ఆ టెక్సస్ నృత్యసంగీతం, మళ్లీ ప్రాణం పోసుకోవడానికి ఆ రికార్డు పెద్ద కారణం. 1973 డిసెంబరులో డాలస్‌లో విల్స్ చివరి రికార్డింగు జరుగుతుంటే, ఎక్కడో ఉత్తరాన కచేరీ ముగించుకుని రాత్రంతా ప్రయాణించి వచ్చాడు. అప్పటికే విల్స్‌కు పక్షవాతం వచ్చి స్పృహ పోయింది. హ్యాగర్డ్ మిగిలిన రికార్డింగులో పాల్గొన్నాడు.

ఆ తర్వాతి దశాబ్దాలను నేను త్వరగా దాటేస్తాను. పెళ్లిళ్లు మొత్తం ఐదు, మత్తుమందులు, 1990లలో దివాలా. రేడియోలు కుర్ర గాయకుల వెంట పడ్డాయి. మధ్యలో 1983లో విల్లీ నెల్సన్‌తో పాడిన ‘పాంచో అండ్ లెఫ్టీ’ ఉంది. అర్ధరాత్రి దాటాక విల్లీ నిద్రలేపి మైకు ముందు నిలబెడితే, మగతలోనే తన చరణం పాడి వెళ్లి పడుకున్నాడు. తెల్లారాక సరిగ్గా పాడతానంటే, టేపు అప్పటికే వెళ్లిపోయిందన్నాడు విల్లీ. ఆ నిద్రకళ్ల చరణమే మనకు మిగిలింది. అదృష్టమనే అంటాను. 1994లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్, 2010లో కెనడీ సెంటర్ పురస్కారం వచ్చాయి. 2008లో ఊపిరితిత్తుల క్యాన్సరుకు శస్త్రచికిత్స జరిగింది. కొద్దివారాలకే వేదికెక్కాడు. 2016 ఫిబ్రవరిలో కొడుకు బెన్ గిటార్‌తో ‘కెర్న్ రివర్ బ్లూస్’ రికార్డు చేశాడు, అదే చివరిది. ఏప్రిల్ 6న, సరిగ్గా 79వ పుట్టినరోజున, ఉత్తర కాలిఫోర్నియాలోని పాలో సెడ్రోలో కన్నుమూశాడు.

కొత్తగా వినాలనుకునేవాళ్లకు నా సలహా ఒకటుంది. ప్రసిద్ధమైనవాటి జోలికి వెంటనే వెళ్లకండి. ముందు 1966 నాటి ‘స్వింగింగ్ డోర్స్’ వినండి, బేకర్స్‌ఫీల్డ్ బార్ల మోత చెవికెక్కుతుంది. తర్వాత లెఫ్టీ ఫ్రిజెల్ స్వయంగా పాడిన రెండు మూడు పాటలు విని, హ్యాగర్డ్ పాడిన లెఫ్టీ పాట ‘దట్స్ ద వే లవ్ గోస్’ పెట్టుకోండి. శిష్యుడు ఏం ఉంచుకున్నాడో, ఏం వదిలేశాడో అక్కడ స్పష్టంగా వినిపిస్తుంది. అతనికి గ్రామీ తెచ్చిన పాట అది. ఆ పైన ‘మామా ట్రైడ్’, ‘సింగ్ మి బ్యాక్ హోమ్’. ఆఖరికి 2000లో, అరవై మూడేళ్ల వయసులో, పంక్ రాక్ రికార్డులకు పేరుపడ్డ ఎపిటాఫ్ వాళ్ల శాఖ కంపెనీ తెచ్చిన ‘ఇఫ్ ఐ కుడ్ ఓన్లీ ఫ్లై’. ఆ ఆల్బమ్ పేరుపాట బ్లేజ్ ఫోలీ రాసింది. పైస్వరాలు తగ్గాయి, ఊపిరి తగ్గింది, గిటార్ తప్ప పక్కన పెద్దగా ఏమీ లేదు. వాక్యం చివర కిందికి దిగే ఆ పాత నేర్పు మాత్రం చెక్కుచెదరలేదు. అతని రికార్డులన్నిటిలో నేను ఎక్కువసార్లు విన్నది అదే.